మిరియంగాడి అలక

అనగనగా ఒక ఊరు. ఏ ఊరని అడక్కు పండూ, అడిగితే కథ లేచి ఆ ఊరికే వెళ్ళిపోతుంది, మనిద్దరం ఇక్కడ ఉత్తచేతులతో మిగులుతాం. ఏం, మాట్లాడవా? ఇంజెక్షన్ వేయించానని గోడకి తిరిగి పడుకున్నావా? సరే, పడుకో. నేనూ గోడకే చెబుతాను. గోడకి చెవులుంటాయట.

వినవే గోడా! ఆ ఊళ్ళో తాయారు అని ఒకావిడ. ఆవిడకి ఒక పునుగుల బండి. ఆ బండికి ఒక కుక్క. నల్లగా, చిన్నగా, ఘాటుగా ఉండేవాడు. అందుకని మిరియం అని పేరు పెట్టారు.

రోజూ సాయంత్రం తాయారు బండి తోసుకుంటూ బయల్దేరేది. మిరియంగాడు ముందు పరిగెత్తేవాడు. మూడు వీధులు కలిసే చోట నిలబడి, ఒక్కో వీధి వైపు తిరిగి "భౌ!" అనేవాడు. మూడు వీధులకి మూడు భౌలు. అప్పుడు జనం గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. తాయారు పొయ్యి వెలిగించి, మూకుడు పెట్టేసరికి వరస కట్టేసేవారు. ఆ బండికి గంట లేదు, కేక లేదు. అన్నీ మిరియంగాడి గొంతే.

కానీ వాడికో పిచ్చి ఉండేది. ఎక్కడో ఆడకుక్క ఉందని గాలి కబురు తెస్తే చాలు, గోడ దూకి పోయేవాడు. ఒకసారి పోయి చెవి చింపుకుని వచ్చాడు. ఆ తర్వాత ఇంకోసారి పోయి కుంటుకుంటూ వచ్చాడు. మూడోసారి లారీ కింద పడబోయాడు. డ్రైవరు బ్రేకు తొక్కబట్టి బతికాడు.

అప్పుడు తాయారు వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఇక చాలురా. నాలుగోసారి చూసే ఓపిక నాకు లేదు" అంది.

ఆ తర్వాత కుక్కల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తానండీ. ఈ తిరుగుడు మెల్లిగా తగ్గుతుంది" అందావిడ. తాయారు సరేనంది.

పక్కింట్లో బుల్లెమ్మ పెద్దమ్మ ఉండేది. వీధి చివర ఎవరు తుమ్మినా కషాయం గ్లాసుతో ప్రత్యక్షమయ్యే మనిషి. ఆవిడ ఈ మాట విని బుగ్గలు నొక్కుకుంది. "నీ తెలివి తెల్లారినట్టే ఉందే తాయారూ! మగకుక్కకి ఆపరేషన్ చేయిస్తే పౌరుషం పోతుంది. ఇక అరవడు. నీది మూగబండి అయిపోతుంది, చూస్తూండు."

"అరుస్తాడు పెద్దమ్మా."

"అరవడే!"

"అరుస్తాడన్నానుగా!" అంది తాయారు. గట్టిగానే అంది గానీ, ఆ మాట మీద తనకే నమ్మకం లేదు.

ఆపరేషన్ అయింది. నొప్పి తెలీకుండా మత్తిచ్చారులే, నువ్వేం ముక్కు ఎగబీల్చక్కర్లేదు. ఓహో, నువ్వు కాదా? గోడ ఎగబీల్చిందా? సరే.

సాయంత్రానికి వాడు తూలుకుంటూ ఇంటికొచ్చాడు. కుట్లు నాక్కోకుండా మెడ చుట్టూ పెద్ద ప్లాస్టిక్ బుట్ట తొడిగారు. అడుగు ఊడిన బకెట్టులో తల దూర్చినట్టు ఉంది. అప్పుడు వాడు గుమ్మం దాటబోయాడు, బుట్ట టప్పున గుమ్మానికి తగిలింది. నీళ్ళు తాగబోయాడు, టప్పున గిన్నెకి తగిలింది. తాయారు దగ్గరికి రాబోయాడు, టప్పున ఆవిడ మోకాలికి తగిలింది. మూడో టప్పుకి వాడికి రోషం వచ్చేసింది. మూల గోనెసంచి మీద కూలబడి, గోడకి మొహం పెట్టి, తాయారుకి వీపు చూపించాడు.

అంటే ఏమిటి? కొత్తల్లుడు అలకపాన్పు ఎక్కాడన్నమాట! కొత్తల్లుడైతే ఏ ఉంగరమో చూపిస్తే దిగుతాడు. వీడికేం చూపిస్తాం? ఉంగరం పెట్టుకోడానికి వేలు కూడా లేదాయె.

అన్నం పెడితే ముట్టలేదు. పిలిస్తే పలకలేదు. అప్పుడు బుల్లెమ్మ పెద్దమ్మ కొంగు బిగించి రంగంలోకి దిగింది. ఆ ఊళ్ళో పురుళ్ళన్నీ ఆవిడ చేతి మీదుగానే జరిగాయి. ఆవిడకి తెలిసిన వైద్యం ఒక్కటే, బాలింత వైద్యం. ఆపరేషన్ అన్న మాట వినపడిందా, ఆడా మగా చూడదు, మనిషా కుక్కా చూడదు, అదే వైద్యం!

ముందు "చలిగాలి దూరకూడదు" అని వాడి చెవుల్లో దూది పెట్టి, తలకి పాత చీరముక్క కట్టింది. వాడు తల విదిలించాడు. దూది బుట్టలో పడి, ముక్కుకి అంటుకుంది. ఆ తర్వాత సాంబ్రాణి పొగ వేసింది. పొగంతా బుట్టలో చేరింది. లోపల్నుంచి మూడు తుమ్ములు వినపడ్డాయి. ఆ తర్వాత వెల్లుల్లి కారం, నెయ్యి వేసి అన్నం కలిపి తెచ్చింది. వాడు చూసి, ఇంకా గోడలోకి జరిగిపోయాడు.

"నడుముకి గుడ్డ బిగిస్తే సరిపోతుందే!" అంది పెద్దమ్మ.

"మీకు దణ్ణం పెడతాను" అని తాయారు డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

డాక్టరమ్మ ముందు బాగా నవ్వింది. ఆ తర్వాత కోప్పడింది. "వాడు బాలింత కాదండీ! వెల్లుల్లి కుక్కలకి అసలు పడదు, పెట్టకండి. కుట్లు మానేదాకా పరుగులొద్దు, గెంతులొద్దు. మీరు దిగాలుగా ఉంటే వాడూ దిగాలుపడతాడు. ఎప్పటిలా మాట్లాడండి. రేపటికీ తినకపోతే మాత్రం వెంటనే తీసుకొచ్చేయండి."

తాయారు కళ్ళు తుడుచుకుంది. ఉడికించిన గుడ్డు చిదిపి, మెత్తని అన్నంలో కలిపింది. అప్పుడేం చేసిందో తెలుసా? వెళ్ళి మిరియంగాడి పక్కన కూర్చుని, తనూ గోడ వైపే తిరిగింది.

"నువ్వు గోడనే చూస్తావా? నేనూ గోడనే చూస్తా. ఎవరు ముందు తిరుగుతారో తేలిపోవాలి" అంది. అంతే, ఇక రోజూలాగే కబుర్లు మొదలుపెట్టింది. పిండి పులిసిందని చెప్పింది. పచ్చిమిరపకాయలు చప్పగా ఉన్నాయని చెప్పింది. వెల్లుల్లి అన్నం తనే తినాల్సొచ్చిందని చెప్పింది. చెబుతూ చెబుతూ ఒక ముద్ద బుట్టలోకి పెట్టింది. కాసేపటికి ముద్ద మాయమైంది. ఇంకో ముద్ద పెట్టింది. అదీ మాయమైంది. మూడో ముద్దకి నాలుక వేళ్ళకి తగిలింది.

తిన్నాడు. కానీ మొహం చూడలేదు. గొంతు విప్పలేదు.

మర్నాడు తాయారు ఒక్కతే బండి తీసుకెళ్ళింది. కూడలిలో భౌ లేదు. ఎవరికీ తెలీలేదు, ఎవరూ రాలేదు. పిండి అంతా అలాగే ఇంటికి తిరిగొచ్చింది.

బుల్లెమ్మ పెద్దమ్మకి జాలేసింది. తన మేక మెడలో గంట విప్పి తెచ్చింది. "ఇది కట్టుకోవే, మొండిదానా."

"కట్టను పెద్దమ్మా. ఆ కొలువు వాడిది. వాడు చేరేదాకా ఖాళీగానే ఉంటుంది."

ఆ తర్వాత తాయారు బాగా ఆలోచించింది. పరిగెత్తకూడదన్నారు గానీ, ఊరేగకూడదనలేదు కదా! మరునాటి సాయంత్రం బండి ముందు పలక మీద గోనెసంచి పరిచింది. కుట్లు కదలకుండా వాడిని మెల్లిగా ఎత్తి కూర్చోబెట్టింది. పెళ్ళికొడుకులా బయల్దేరాడు. కాకపోతే వెనక్కి తిరిగి, వీధికి వీపు చూపిస్తూ కూర్చున్నాడు. బండెక్కినా అలక దిగలేదు.

కూడలి వచ్చింది. తాయారు ఆగింది. వాడు ఉలకలేదు, పలకలేదు. వెనకాలే వచ్చిన పెద్దమ్మ ఇక పట్టలేకపోయింది. "ఇలాగైతే పిండి పుల్లట్లకే పనికొస్తుంది! నేనే మోగిస్తా" అని కొంగులోంచి గంట తీసింది.

మొదటి వీధి వైపు తిరిగి గణగణ మోగించింది. మిరియంగాడి చెవి ఒకటి లేచింది. రెండో వీధి వైపు గణగణ మోగించింది. వాడు లేచి నిలబడ్డాడు. నా కొలువులో మేక గంటా? మూడో వీధి వైపు తిరిగి పెద్దమ్మ చెయ్యెత్తింది.

"భౌ!!"

ఉత్త భౌ కాదు గోడా, అది బుట్టలోంచి వచ్చిన భౌ! మైకులోంచి వచ్చినట్టు వచ్చింది. తీగ మీది కాకులు లేచిపోయాయి. సైకిలు మీద పోయేవాడు దిగిపోయాడు. పెద్దమ్మ చేతిలో గంట జారి కింద పడింది. అందరికంటే ఎక్కువ హడలిపోయింది మిరియంగాడే. ఎవర్రా అరిచింది అని అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి తాయారు మొహంలోకి చూశాడు.

"నువ్వేరా!" అంది తాయారు, ఏడుస్తూ నవ్వుతూ.

నేనేనా! అనుకున్నాడు వాడు. గంట మోగిన రెండు వీధులూ చెల్లవని, మళ్ళీ వాటి వైపు తిరిగి చెరో భౌ వేశాడు. తోక బండికి కొట్టుకుని టపటపలాడింది. మూడు వీధులే కాదు, ఆ వెనక వీధి వాళ్ళు కూడా గిన్నెలతో వచ్చేశారు. "మైకు ఎక్కడ కొన్నావు తాయారూ?" అని అడిగారు.

ఆ తర్వాత కుట్లు మానాయి. డాక్టరమ్మ బుట్ట తీసేసింది. అమ్మయ్య అనుకున్నాడా? లేదు! సాయంత్రం కాగానే బుట్ట నోట కరుచుకుని బండి దగ్గర నిలబడ్డాడు. చేసేదేముంది, తాయారు దాన్ని బండి ముందు కట్టింది. వాడు పలకెక్కి అందులో మూతి పెట్టి అరిచేవాడు. ఎప్పుడైనా గాలి కబురు తెస్తే ముక్కెత్తి వినేవాడు. విని, పునుగుల వాసన వైపు తిరిగేవాడు.

"పౌరుషం పోతుందన్నారుగా పెద్దమ్మా?" అంది తాయారు.

"పోయేదే! నా సాంబ్రాణి పొగ కాపాడింది" అంది బుల్లెమ్మ పెద్దమ్మ.

అయిపోయింది గోడా, ఇక పడుకో. అదేమిటే పండూ, ఎప్పుడు ఇటు తిరిగావు? ఏదీ, ఆ ఇంజెక్షన్ చెయ్యి ఇలా నా మీద వెయ్యి. ఊఁ.

కథ నడిచె కంచికి,
బండి మళ్ళె ఇంటికి,
గంట పోయె మేకకి,
కునుకు రావె కంటికి!