కౌగిలికి అందని కానుగ

అనగనగా అంటే మరీ అంత అనగనగా కూడా కాదర్రా, మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పిన కథ. ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో మనుషులున్నారు, మేకలున్నాయి, ఇళ్ళున్నాయి, ఇంటింటికీ పెరడుంది. చెట్లు మాత్రం లేవు, ఒక్కటి తప్ప. ఎందుకు లేవంటావా చంటీ, అదే చెప్పబోతున్నాను, కాళ్ళు ఆడించకుండా పడుకో. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి, నిద్రొచ్చినవాళ్ళు నిద్రపోండి, నాకేం కోపం లేదు.

ఆ ఊళ్ళో ఎండ ఎలా ఉండేదంటే అట్లపెనం మీద కూచున్నట్టుండేది. కాస్త కునుకు తీద్దామంటే నీడ లేదు. పసిపిల్లలకి ఒళ్ళంతా చెమటకాయలు, రోజల్లా ఏడుపు. హాయిగా నిద్ర పట్టే చోటు ఊరు మొత్తానికీ ఒక్కటే, గవరయ్యగారి పెరట్లో కానుగచెట్టు కింద. కానుగ నీడ సంగతి మీకేం తెలుసు, మీరు ఫ్యాన్ల కింద పుట్టిన పిల్లలు. దాని కింద కూచుంటే కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి. ఆకుల చప్పుడు, దూరంగా ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు వినిపిస్తూ ఉంటుంది.

ఆ గవరయ్యగారి కోడలే మన పైడమ్మ. పైడమ్మకి మొగుడున్నాడా అంటే ఉన్నాడు, ఏం చెప్పినా తల ఊపుతాడు, అంతకంటే అతనితో మనకి పని లేదు. ఆవిడకో పసిపిల్ల. ఆ పిల్ల ఇంట్లో ఏడుస్తుంది, వాకిట్లో ఏడుస్తుంది, ఎత్తుకుంటే ఏడుస్తుంది, దింపితే ఏడుస్తుంది. ఏడ్చి ఏడ్చి పాలు కూడా తాగదు. కానుగ కొమ్మకి చీర ఉయ్యాల కట్టి పడుకోబెడితే మాత్రం గుప్పెట్లు ముడుచుకుని నిద్రపోతుంది. లేచాక కడుపునిండా పాలు తాగుతుంది. అందుకని పైడమ్మకి ఆ చెట్టంటే ప్రాణం. అది లేకపోతే తన పిల్ల బతకదని భయం కూడాను.

మరి తక్కిన చెట్లేమయ్యాయి? వెనకెప్పుడో రాజుగారి డప్పువాడు చాటింపు వెయ్యడానికొచ్చాడట. చేతులు చాచి కావలించుకుంటే వేళ్ళు కలవనంత లావు చెట్టుని, అది మీ పెరట్లోదైనా సరే, ఇష్టమొచ్చినట్టు కొట్టెయ్యకూడదని మొదలుపెట్టాడు. అంతే, జనం ఆ ముక్క విని ఇళ్ళకి పరిగెత్తారు. మిగతా చాటింపంతా వాడు ఒక ముసలావుకి వినిపించి, డప్పు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి ఏమనుకున్నారనుకున్నారు? చెట్టు లావైతే చెట్టు రాజుగారిది. చెట్టు రాజుగారిదైతే చెట్టు కింద నేల రాజుగారిది. నేల రాజుగారిదైతే నేల మీద ఇల్లు రాజుగారిది. ఇల్లు రాజుగారిదైతే ఇంట్లో చట్టీ కుండా రాజుగారివి. ఇంక మనకేం మిగిలిందీ? ఊళ్ళో చెట్లింకా అంత లావెక్కలేదు గనక, అలా అనుకుని ఊరంతా ఒకటే పని పెట్టుకుంది. పొద్దున్న లేవడం, పెరట్లో చెట్టుని కావలించుకోవడం. వేళ్ళు బాగా కలిస్తే సరే. రేపో మాపో కలవవేమో అని అనుమానం వస్తే, లావెక్కేలోగానే గొడ్డలి. అలా వేపచెట్లు పోయాయి, చింతచెట్లు పోయాయి, మామిడిచెట్లు కాపుకి రాకుండానే పోయాయి. ఒక్కరైనా రాజుగారి దగ్గరికి వెళ్ళి ఇదేమిటని అడగచ్చుగా? అడిగితే ఏమంటారో అని భయం. మీ తాతయ్యా అంతే, దారి తప్పినా ఎవర్నీ అడగరు, మమ్మల్ని ఊరంతా తిప్పుతారు.

గవరయ్యగారివి పొడుగు చేతులు. అందుకే ఆయన కానుగ అంతకాలం బతికింది. ఆయనా రోజూ పొద్దున్నే కావలించుకునేవాడు, చెంప దానికి ఆనించి, కళ్ళు మూసుకుని. ఒకరోజు వేళ్ళ చివర్లు ఊరికే అలా తగిలి విడిపోయాయి. ఆయన చాలాసేపు అక్కడే నిలబడి, లోపలికొచ్చి, మంచిరోజు చూసి ఎల్లుండి చెట్టు కొట్టేస్తానన్నాడు. చెడ్డవాడు కాదర్రా, భయస్తుడు. చిన్నప్పటి నుంచి నీళ్ళు మోసి పెంచిన చెట్టు, ఆయనకి మాత్రం బాధుండదా? పైడమ్మ కాళ్ళా వేళ్ళా పడింది. ఆయన వినలేదు. చెట్టు పోతే చెట్టే పోతుంది, ఇల్లు పోతే పిల్లని ఎక్కడ పడుకోబెడతావని అడిగాడు.

ఆ మధ్యాహ్నం పైడమ్మ ఉయ్యాల పక్కన పడుకుని ఏడ్చి ఏడ్చి మగతలోకి జారింది. అటు నిద్రా కాదు, ఇటు మెలకువా కాదు. ఎండ ఆకుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడుతోంది. అప్పుడు కొమ్మ మీంచి మెల్లగా ఒక ముసలి దయ్యం దిగింది. దయ్యం అనగానే దుప్పటి లాక్కోకు సుందూ, ఇది మూట పట్టుకుని తిరిగే దయ్యం. వేపలో ఉండేదట, వేప కొట్టేశారు. మూట కట్టుకుని చింతకి పోయింది, చింత కొట్టేశారు. మూట కట్టుకుని మామిడికి పోయింది, మామిడి కొట్టేశారు. ఇప్పుడు మళ్ళీ మూట కట్టుకోవాలి కదా అని దిగులుగా వచ్చి ఉయ్యాల ఊపుతూ కూచుంది.

పైడమ్మ మగతలో ఉందేమో, భయపడలేదు. ఎక్కడికెళ్తావు మామ్మా అని అడిగింది. ఏమో తల్లీ, చాటింపు చివరిదాకా వినని వాళ్ళ ఊళ్ళో నాకింక చోటెక్కడిదీ అంది దయ్యం. చెట్టు మీద ఉండటం వల్ల తను మొత్తం విన్నదట. ఎండిన చెట్టుకి అడగక్కర్లేదట. గాలికి పడిన చెట్టుకి అడగక్కర్లేదట. ఇంటి మీదికి ఒరిగిన కొమ్మకి అడగక్కర్లేదట. పచ్చగా నిలబడ్డ లావు చెట్టుకి మాత్రం వచ్చి అడగాలట. అడిగితే వచ్చి చూస్తారట, కారణముంటే సరేనంటారట, కొట్టినందుకు బదులు మొక్కలు నాటి మేకలకి అందనంత ఎత్తు పెంచమంటారట. ఎంత లావైనా చెట్టు మాత్రం పెంచినవాళ్ళదేనట.

పైడమ్మ దిగ్గున లేచి కూచుంది. ఈ మాట అందరికీ చెప్పలేకపోయావా అంది.

"ఇంటింటికీ వెళ్ళానమ్మా. నేను నోరు తెరిచేలోపల తలుపులేసుకున్నారు."

దయ్యం చెప్పిందంటే మామగారు నమ్మరు. అందుకని మర్నాడు తెల్లవారుతూనే పైడమ్మ పిల్లని చంకనేసుకుని, సంతకెళ్ళే బండెక్కి రాజుగారి కోటకెళ్ళింది. అక్కడేముందీ, చెట్ల కోసమని వేసిన చావడిలో రాజుగారు బుగ్గన చెయ్యి పెట్టుకుని కూచున్నారు. చాటింపు వేయించిన దగ్గర్నుంచీ ఎవరో ఒకరు అడగడానికి వస్తారని రోజూ అలాగే కూచుంటున్నారట. పైడమ్మని చూడగానే పరమానందపడిపోయి, ముందు మజ్జిగ తాగమన్నారు. ఎవరూ రాకపోతే చెట్లన్నీ చల్లగా ఉన్నాయనుకున్నారట ఆయన, పిచ్చి మారాజు.

చెట్టుకి చీడ పట్టిందా అని అడిగారు. లేదండి అంది. ఇంటి మీదికి ఒరిగిందా? లేదండి. మరి కొట్టడమెందుకమ్మా?

"కొట్టడానికి కాదండి. కావాలంటే కొట్టుకోవచ్చని మా మామగారికి మీరు చెబితే, ఇల్లు పోతుందన్న ఆయన భయం తీరుతుందని వచ్చానండి."

రాజుగారికి ముందు అర్థం కాలేదు. ఊరి సంగతంతా విన్నాక, ఆయన మొహం చిన్నబోయింది. అప్పటికప్పుడు బండి కట్టించి తనే బయల్దేరారు.

వీళ్ళు చేరేసరికి మంచిరోజు రానే వచ్చింది. గవరయ్యగారు గొడ్డలి భుజాన వేసుకుని చెట్టు దగ్గర నిలబడ్డాడు. ఊరంతా చుట్టూ మూగింది. రాజుగారు చాటింపు మొత్తం తన నోటితో చెప్పారు, ఈసారి ఎవరూ కదల్లేదు. తర్వాత చెట్టు చుట్టూ తిరిగి చూశారు. కానుగ వేరు ఒకటి పశువుల పాక కిందకి పాకి గోడని ఎత్తేసింది. గోడ నిలువునా చీలింది. పైడమ్మ అంతవరకూ అది చూడనే లేదు.

కారణం ఉంది, చెట్టు నీది, కొట్టుకో, సెలవిచ్చానన్నారు రాజుగారు.

పైడమ్మ ఇది అనుకోలేదు. తనే వెళ్ళి తనే అడిగి తెచ్చింది కదా ఈ సెలవు. ఇప్పుడు వద్దనడానికి ఏ నోరుంది? పిల్లని గుండెకి అదుముకుని నిలబడింది.

గవరయ్యగారు గొడ్డలి ఎత్తాడు. ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే ఉంది. ఆయన చెట్టుకేసి చూశాడు, గోడకేసి చూశాడు, మళ్ళీ చెట్టుకేసి చూశాడు. తర్వాత గొడ్డలి కింద పెట్టి, చెట్టుకి వీపు ఆనించి కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"కొట్టకూడదంటే నాది కాకుండా పోతుందేమోనని కొట్టబోయాను. నాదే అన్నాక ఎలా కొట్టేదమ్మా కోడలా? పాక గోడే జరిపేద్దాం" అన్నాడు.

చూశారా, సెలవు లేనన్నాళ్ళూ కొట్టాలనే తొందర. సెలవొచ్చాక చెయ్యే రాలేదు ఆయనకి. పాక గోడ నాలుగడుగులు అవతలికి జరిగింది. ఊళ్ళోవాళ్ళూ ఇళ్ళకెళ్ళి, మొలిచిన మొక్కని మొలిచినట్టే వదిలేశారు. కొన్నాళ్ళకి వేపలొచ్చాయి, చింతలొచ్చాయి, మామిళ్ళు కాశాయి. పైడమ్మ పిల్ల బొద్దుగా పెరిగింది. ముసలి దయ్యం మూట విప్పేసి, అందులో ఉన్న చీరలన్నీ కొమ్మల మీద ఆరేసుకుని, చిటారు కొమ్మన నడుం వాల్చింది. ఆ ఊరి ఆడవాళ్ళు పగలు దాన్ని లేపకుండా మెల్లగా మాట్లాడుకునేవారట.

అందుకనర్రా, ఎవరేం చెప్పినా సాంతం వినాలి. తెలీకపోతే నోరు తెరిచి అడగాలి. అడిగినంత మాత్రాన ఎవరూ కొరుక్కు తినరు. ఏదీ, ఊ కొట్టేవాళ్ళెవరూ లేరే? సరే మరి, కథేమో కంచి దారి పట్టింది, మనమేమో నిద్ర దారి పడదాం.