భోజనం సీను

హైమవతి నటించిన సినిమాని ఏ రకం సినిమా అనాలో ఎవరికీ తెలియలేదు. ఏళ్ల తరవాత ఇల్లు చేరిన భర్తకు భార్య అన్నం వడ్డిస్తుంది. వచ్చినవాడు నిజంగా భర్తేనా, ఆ అన్నంలో ఏమైనా కలిపిందా అన్నది సినిమా చెప్పదు. హాల్లో కొందరు ఏడ్చారు, కొందరు నవ్వారు, కొందరు మధ్యలోనే లేచిపోయారు. హైమవతి చూపుకి ఒళ్లు జలదరించిందని మాత్రం అందరూ అన్నారు.

తెనాలిలో సన్మానం పెట్టారు. సభకి ముందే ఆమె శేషాచలం మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆమెకి నటన నేర్పింది ఆయనే. గది నిండా శిష్యులున్నారు.

"సినిమా చూశారా మాస్టారూ?"

"చూశానమ్మా."

"అది దెయ్యం సినిమానా, కుటుంబ కథా అని నన్నే అడుగుతున్నారు. ఏదైతేనేం, ఆ భోజనం సీనంతా నా కళ్ల మీదే నడిచింది. రెప్ప కూడా వెయ్యలేదు."

మాస్టారు పీట వాల్చుకున్నారు. "ఆకలేస్తోంది. సినిమాలోలాగే వడ్డించు."

ఆమె మురిసిపోయింది. విస్తరేసి అన్నం, పప్పు, గోంగూర వడ్డించింది. ఎదురుగా కూర్చుని అదే చూపు చూసింది.

"గోంగూర భలే కుదిరిందే! ఇంకాస్త నెయ్యి వెయ్యమ్మా" అంటూ మాస్టారు గబగబా తిన్నారు. శిష్యులకి నవ్వాగలేదు. ఆమె చూపు బిగించేకొద్దీ వాళ్లు ఇంకా నవ్వారు. హైమవతి చెవులు ఎర్రబడ్డాయి.

"మళ్లీ వడ్డించు. నువ్వేమీ మార్చకు."

వడ్డించింది. ఈసారి ఆయన మొదటి ముద్ద నోటిదాకా తెచ్చి ఆపారు. తలెత్తి ఆమెను చూశారు. ఏదో అడగబోయి మానుకున్నట్టుగా పెదవులు కదిలాయి. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగారు. తరవాత తల దించుకుని ఒక్కో ముద్దే తిన్నారు.

శిష్యుల నవ్వులు ఆగిపోయాయి. ఒకమ్మాయి పక్కనున్న పిల్ల చెయ్యి పట్టుకుంది. హైమవతి చేతులు చల్లబడ్డాయి. షూటింగులోనూ ఇలాగే చల్లబడ్డాయి. అప్పుడు అదంతా తన గొప్పేననుకుంది.

మాస్టారు విస్తరి మడిచారు. "ఆ రోజు నీ ఎదురుగా కూర్చుని తిన్నది ఎవరమ్మా?"

"సన్యాసిరావు గారు. విజయనగరంలో నాటకాలు వేసేవారట. ఇదే మొదటి సినిమా."

ఇన్ని ఇంటర్వ్యూలిచ్చింది. ఆ పేరు పలకడం ఇదే మొదలు. ఆమె తల వంచుకుంది.

మాస్టారు చెయ్యి కడుక్కోవడానికి వెళ్లారు.

సాయంత్రం సభలో శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. హైమవతి తలెత్తి నిలబడింది.

"ఆ భోజనం సీను సన్యాసిరావు గారిదండీ. ఆయన తిన్నారు. నేను చూశాను."

చప్పట్లకి కాస్త సమయం పట్టింది. ముందు వరసలో మాస్టారు పక్కాయన వైపు వంగారు.

"మా అమ్మాయి" అన్నారు.