పెళ్లికొడుకు ఎక్కని కారు

పూలమ్ముకునే సన్యాసమ్మకు పట్నం బస్సంటే ఒళ్లు మంట. అది వచ్చేలోగా బుట్టలో మల్లెలు వాడిపోయేవి. అందుకే కామందు భుజంగరావు పాత కరెంటు కారు అమ్ముతున్నాడని వినగానే వెళ్లి ఆయన గుమ్మంలో నిలబడింది.

"రెండు లక్షల కిలోమీటర్లు తిరిగినా గుర్రమేనే ఇది! ఒక్కసారి ఛార్జింగు పెడితే రెండొందలు ఆగకుండా పోతుంది" అన్నాడు కామందు మీసం దువ్వుతూ.

"మీ మాట కాదంటానా బాబూ? రేపు చినబాబు పెళ్లికి నూటయాభై కిలోమీటర్లు తరలి వెళ్తున్నారు కదా, పెళ్లికొడుకుని ఇందులోనే తీసుకెళ్లండి. దారిలో ఎక్కడా ఛార్జింగు పెట్టకుండా ముహూర్తానికి అందితే, మీరడిగిన ధరే ఇచ్చుకుంటాను."

కామందు నోరు తెరిచేలోగా లోపల్నుంచి ఆయన భార్య కేకేసింది. "ఆ కారులోనా? మొన్న ఎనభై దాటగానే తాటితోపు దగ్గర చతికిలబడింది! ముహూర్తం తప్పించి పరువు తీస్తారా?"

అరుగు మీది పెళ్లి చుట్టాలంతా గొల్లుమన్నారు. కామందు తల దించుకుని సగం ధరకే తాళాలిచ్చాడు. అయినా ఉక్రోషం ఆగక, "ఎనభైకే చచ్చే బండి నీకెందుకే?" అన్నాడు.

సన్యాసమ్మ పూలబుట్టని వెనక సీట్లో భద్రంగా పెట్టింది.

"పట్నం పోయిరావడానికి నాకు యాభై చాలు బాబూ. మిగతా ముప్పై మీరు వేసిన కొసరు."