మంచులో వక్క చప్పుడు

వరదకి అమ్మానాన్నలు పోయిన పిల్లల్ని దండనాయకుడు వీరమల్లుకి అప్పగించాలని ఒక రాజు అతన్ని వెంటబెట్టుకుని ఆ పిల్లల ఊరికి పడవలో బయల్దేరాడు. ఆ పిల్లల మాటెత్తితే చాలు, వీరమల్లు కన్నీళ్ళు పెట్టుకునేవాడు.

నది మీద పాలనురగలాంటి మంచు. పక్క మనిషి కూడా కనబడడంలేదు. పడవ ఎక్కడో కలలో సాగుతున్నట్టుంది.

"ఆ పిల్లల్లో ఓ పసిది రోజూ రేవుకొచ్చి 'మా అమ్మ ఈ పడవలో వచ్చిందా?' అని అడుగుతుంది" అంది పడవ నడిపే సింగమ్మ.

కాసేపటికి మంచు విడింది. వీరమల్లు రాజుని చూసి బావురుమన్నాడు.

సింగమ్మ తెడ్డు ఆపింది.

"మంచులో మాకు చెవులే కళ్ళు, మారాజా. పసిదాని మాట వినగానే మీరు వెక్కారు. ఈయన పటుక్కున వక్క కొరికాడు. మీ మొహం కనబడ్డాకే ఏడుపొచ్చింది. రేపు మీరు వెళ్ళిపోయాక ఆ పిల్లల దగ్గర మిగిలేది ఆ వక్క కొరికినాయనే."

రాజు వీరమల్లు నోటివంక చూశాడు. ఏడుస్తూనే నములుతున్నాడు.