మూడు రోజుల విల్లు

అనగనగా ఒక కొండ అడవి. అందులో జింకలు మేసే పచ్చని లోయ. ఆ లోయకి విల్లు చేసి పెట్టేది ఎర్రక్క అనే ముళ్లపంది. ఒంటినిండా ముళ్లేగానీ, మనసులో ఒక్క ముల్లూ లేదు తల్లికి!

ఆ పని మొగుడు బుడ్డయ్య నేర్పిందే. ఆయన పోయి రెండు వానాకాలాలైంది. చెక్కిన కొయ్యని బొగ్గుల నిప్పు మీద జానెడెత్తున పట్టి, నారి వైపుండే లోపలి భాగం మాత్రమే గట్టిపడేలా కాచేది. వేయించిన వేరుశనగల వాసన వచ్చేది. అబ్బ, ఆ వాసనకి ఆయన పక్కన కూర్చున్నట్టే ఉండేది. కళ్లు తడిసేవి.

ఆ ఏడు జింకల్ని వేటాడే అడవి కుక్కలు, నాలుగు రేచుకుక్కలు కొండ దిగుతున్నాయని కబురొచ్చింది. లోయలో బాణం వెయ్యడం తెలిసింది గంగులు అనే కొండముచ్చుకే. పరుగున వచ్చాడు.

"వదినా, విల్లివ్వు!"

"ఇవాళే కాచాను మరిదీ. నిప్పు దాని చెమ్మంతా లాగేసింది. మూడు రోజులు నీడన ఉండి మళ్లీ చెమ్మ పట్టాలి. అప్పుడే వంగుతుంది."

మర్నాడు మళ్లీ వచ్చాడు. "కుక్కలు వాగు దాటాయట. చూడ్డానికి గట్టిగానే ఉందిగా!"

"గట్టిగానే ఉంది. వంచితే విరుగుతుంది. మీ అన్న కూడా ఇలాగే తొందరపడి ఒకటి విరిచాడు. నాలుగు రోజులు తిండి ముట్టలేదు. అవి ఇక్కడికి చేరేసరికి ఇదీ సిద్ధమవుతుంది. ఆగు."

"నీ చాదస్తం నువ్వూనూ!" అని గొణిగాడు గంగులు. ఎర్రక్క నీళ్లకి వెళ్లగానే విల్లు ఎత్తుకుపోయాడు. నారి కట్టి లాగాడు. ఫట్! రెండు ముక్కలు.

ముక్కలు పట్టుకుని వచ్చి తలొంచుకున్నాడు. తిడదామని నోరు తెరిచింది ఎర్రక్క. ఏడుపొచ్చింది. ఇంకోటి చెక్కి కాచే వ్యవధి లేదు. ఆ సాయంత్రమే జింకలు పిల్లల్ని ముందు నడిపించుకుని కొండ అవతలికి తరలిపోయాయి. అవి వెనక్కి తిరిగి తిరిగి చూస్తుంటే ఎర్రక్కా గంగులూ వాటి వెనకే నడిచారు.

అవతలికి చేరాక ఎర్రక్క కొత్త విల్లు కాచింది. మూడు రోజులూ గంగులే కాపలా. వేలైనా తగలనివ్వలేదు. నాలుగో రోజు నారి కడితే విల్లు హాయిగా వంగింది.

చుక్కమ్మ అనే ముసలి జింక ఆశగా అడిగింది. "ఎర్రక్కా, ఇక మన లోయకి పోదామా?"

ఎర్రక్క కొండ వైపు చూసింది. అప్పుడు దిగినవి నాలుగే, ఒక్క విల్లుకి బెదిరిపోయేవి. అడ్డు లేదని వాటి వెనకే మిగతావీ దిగాయి, ఇప్పుడు లోయ నిండా రేచుకుక్కల మందలే.

"లేదమ్మా. విల్లయితే మళ్లీ చేసుకున్నాం. లోయని ఎక్కడ చేసుకుంటాం?" అంది.

నీతి: మూడు రోజులు ఓర్చుకోలేని తొందర, ఉన్న చోటునే పోగొడుతుంది.