మూడిళ్ళ తలుపు

నూకరత్నం బుర్రకథ చెబితే ఏడవనివాళ్ళు ఉండరు. సముద్రం ఏటేటా ముందుకొచ్చి పల్లెల్ని మింగేస్తున్న కథ అది. కాలేజీలో తోటి పిల్లలతో కలిసి తనే కట్టింది. అయినా ఆ పిల్లకి తృప్తి లేదు.

"ఏడుస్తారు, చప్పట్లు కొడతారు, లేచి వెళ్ళిపోతారండీ," అంది గురువు రాజులయ్యగారితో. "సముద్రం గురించి ఒక్కరూ నోరు విప్పరు. ఇంకా గట్టిగా ఏడిపించాలంటారా?"

ఆయన మర్నాడు పొద్దున్నే ఒడ్డున వలలు ఆరేసేచోటికి రమ్మన్నారు.

వెళ్ళేసరికి అక్కడ ఒకే ఒక్క శ్రోత. ఎండుచేపలు అమ్ముకునే పైడమ్మ. డెబ్భై దాటిన మనిషి.

"ఈవిడకి చెప్పు," అని గురువుగారు తనే గుమ్మెట వాద్యం అందుకుని వంత పాడడానికి పక్కన నిలబడ్డారు.

రత్నం తంబుర భుజానికెత్తుకుని వేలి అందెలు మోగించింది. కథ సాగింది. కెరటం లేచింది, గోడ కూలింది. తల్లి గుండెలు బాదుకుంటూ సముద్రానికి ఎదురెళ్ళింది. ఎక్కడ చెప్పినా ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేది ఇక్కడే.

పైడమ్మ పకపకా నవ్వింది.

గుమ్మెట ఆగిపోయింది.

"ఎవరే ఆవిడ, గుండెలు బాదుకునేది?" అంది పైడమ్మ.

"మీలాంటి ఆవిడే, మామ్మా. ఇల్లు పోయినావిడ."

"ఏడవడానికి తీరికెక్కడిదే! గోడ పడిపోతోందంటే నేను తలుపు ఊడబీకాను. మోకాటిలోతు నీళ్ళలో నిలబడి. కెరటం వెనక్కెళ్ళినప్పుడల్లా ఒక్కో మేకు. మూడిళ్ళు పోయాయి. మూడింటికీ అదే తలుపు."

రత్నం ఏడాదిగా వందలమందికి చెప్పిన కథలో అసలు తలుపే లేదు.

ముసలావిడ లేచి వేలు చాపింది. "అదిగో, ఇప్పుడుంటున్న ఇల్లు. మొన్నటి పోటుకి గుమ్మం తడిసింది. ఈసారి తలుపు ఎటు మొయ్యమంటావే? చదువుకున్నదానివి, చెప్పు."

ఇప్పుడు ఆవిడ నవ్వడం లేదు. నిజంగానే అడుగుతోంది.

రత్నం బెదిరిన కళ్ళతో గురువుగారి వైపు తిరిగింది.

ఆయన దగ్గరకొచ్చి, ఆమె భుజం మీది తంబుర దించి పక్కన పెట్టారు.

"నన్నెందుకమ్మా చూస్తావు?" అన్నారు. "ఆవిడ అడిగింది నిన్ను."