ఉలవ గుగ్గిళ్ళ ఉపవాసం

కోటప్ప కొట్టంలో మూడు నోళ్ళుండేవి. పని చేసే నోరొకటి, పాలిచ్చే నోరొకటి, మాటలు చెప్పే నోరొకటి. మొదటిది ఎర్రన్న అనే ఎద్దు. రెండోది కాటుకమ్మ అనే ముసలి గేదె. మూడోది గడ్డమయ్య అనే మేకపోతు. నా మాట నమ్మండి, ఏ కొట్టంలోనైనా ముందు నిండేది ఈ మూడో నోరే.

ఎర్రన్న చెడ్డవాడేం కాదు. తిండి దగ్గర మాత్రం వాడికి కళ్ళు కనబడవు. తన తొట్టి ఊడ్చేశాక, పక్కనున్న కాటుకమ్మ కుడితి గోళెంలో కూడా మూతి పెట్టేసేవాడు. ముసల్ది, ఏమంటుంది పాపం? పక్కకి జరిగేది.

ఇలా ఉండగా పక్కింట్లో పెళ్ళయింది. మిగిలిన అన్నం, పప్పు, బూరెలు విస్తళ్ళతో సహా తెచ్చి దిబ్బ మీద పోశారు. ఎర్రన్న పలుపు తెంపుకుని వెళ్ళి ఆ గుట్టంతా మేసేశాడు. తెల్లారేసరికి పొట్ట డోలైపోయింది. నెమరు లేదు. లేవలేడు. ఒకటే మూలుగు.

కోటప్ప వచ్చి పొట్ట మీద తట్టి చూశాడు.

"ఏరువాక పున్నమికి పన్నెండు రోజులుంది. అప్పటికి ఇది కాడి ఎత్తుకుందా, సరే. లేదా, సంతకి తోలెయ్యడమే," అన్నాడు పెళ్ళాం నాగరత్తంతో. "ఇవాళ్టి నించీ రోజూ ఉలవలు ఉడకేసి పెట్టు. కాస్త బలం వస్తుందేమో."

సంతకి తోలిన ఎద్దు మళ్ళీ కొట్టం మొహం చూడదని అక్కడ అందరికీ తెలుసు. ఎర్రన్న కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. గడ్డమయ్యకి మాత్రం ఆ మాటలన్నిట్లోనూ 'ఉలవలు' అన్నదొక్కటే వినబడింది.

వాడు మెల్లిగా దగ్గరికి చేరాడు.

"ఊరుకో అన్నా, ఊరుకో. నీ జబ్బుకి మందు నాకు తెలుసు."

"ఏం మందు తమ్ముడూ?"

"ఉపవాసం! లంఖణం పరమౌషధం అని పెద్దలు ఊరికే అన్నారా? రెండు రోజులు నీళ్ళు తప్ప ఏమీ ముట్టకు. ఆ తర్వాత ఏరువాక దాకా ఒంటిపూట, అదీ ఎండుగడ్డి. ఒళ్ళు తేలిక పడుతుంది. పైగా పుణ్యం!"

"మరి ఆ ఉలవ గుగ్గిళ్ళు?"

"ఎదురుగా ఉంటే నీకు నోరూరదూ? వ్రతం చెడుతుంది. పోనీలే, ఆ బాధేదో నేను పడతాను."

కాటుకమ్మ చెవులాడించింది. "అబ్బో, ఎంత త్యాగం నాయనా!"

"పుణ్యమత్తా, పుణ్యం," అన్నాడు గడ్డమయ్య.

వాడికి వైద్యమూ తెలీదు, వ్రతమూ తెలీదు. మనుషులు అరుగు మీద చెప్పుకునేవి నాలుగు విని పెట్టుకున్నాడు, అంతే. ఎర్రన్న మాత్రం నమ్మాడు. ప్రాణం మీదికొచ్చినవాడు కదా మరి.

మొదటి రోజు నరకమే. గుగ్గిళ్ళ వాసనకి కడుపులో పేగులు అరిచాయి. కోటప్ప పొలం వెళ్ళీ వెళ్ళగానే గడ్డమయ్య తాడులోంచి తల తప్పించుకుని, తొట్టి నాకి నాకి అద్దంలా చేశాడు. రెండో రోజు మధ్యాహ్నం ఎర్రన్నకో తేన్పు వచ్చింది. ఆ తేన్పుకి కప్పు మీది పిచ్చుకలన్నీ లేచిపోయాయి! మూడో రోజుకి పొట్ట దిగింది. లేచి నిలబడి నాలుగు పరకలు నమిలాడు. సాయంత్రానికి నెమరు వచ్చింది.

ఆ రోజే మొదటిసారి పక్కకి చూశాడు.

"అత్తా, ఇంత చిక్కిపోయావేంటే?"

"ఇన్నాళ్ళకి కనబడ్డానా నాయనా?"

ఎర్రన్నకి సిగ్గేసింది. తల దించుకున్నాడు. "నీ కుడితి రోజూ తాగింది నేనే కదూ? ఆకలేసి తాగలేదత్తా. కనబడింది కాబట్టి తాగాను. దిబ్బ మీద బూరెలూ అంతే. ఇప్పుడు కడుపు ఖాళీగా ఉంటే మనసుకి కాస్త చోటు దొరికినట్టుంది."

"చోటు దొరికిందిగా, మళ్ళీ చెత్త నింపకు," అంది కాటుకమ్మ. ఆ పూట గోళెం అడుగుదాకా తనే తాగింది.

ఏరువాక పున్నమి రానే వచ్చింది. కొమ్ములకి రంగులు పూయించుకుని, కాడి మెడకెత్తుకుని ఎర్రన్న చేలో అడుగేస్తే, సాలు తాడు పట్టి గీసినట్టు సాగింది. కోటప్ప పొంగిపోయాడు.

"అంతా ఉలవల మహిమే!" అంటూ కొట్టంలోకి వచ్చాడు. అప్పుడు కళ్ళబడ్డాడు గడ్డమయ్య. నున్నగా నిగనిగలాడుతున్నాడు. కోటప్ప వాడి నడుం నొక్కి చూశాడు.

"ఏమేవ్, పోలేరమ్మ జాతరకి మేకపోతు కావాలని ఊరంతా తిరుగుతున్నాం కదే? ఇదిగో, మనింట్లోనే ఉంది! ఇంకా తొమ్మిది రోజులుంది. రోజూ అవిసాకు వెయ్యి, ఇంకాస్త కండ పడుతుంది."

కోటప్ప బయటికి పోగానే గడ్డమయ్య వెళ్ళి ఎర్రన్న డెక్కల మీద పడ్డాడు.

"అన్నా! నన్ను బతికించు. ఆ ఉలవల కోసం నీకు కల్లబొల్లి మాటలు చెప్పాను. తప్పయిపోయింది."

"ఏ మాటలు చెబితేనేం, నేను లేచి నిలబడ్డాను," అన్నాడు ఎర్రన్న నిదానంగా. "నువ్విచ్చిన మందే నువ్వూ పుచ్చుకో తమ్ముడూ. బక్కమేకని అమ్మవారికి బలివ్వరు."

"ఉపవాసమా? లేత అవిసాకు ఎదురుగా పెట్టుకునా?"

"నోరూరుతుందేమో, ఆ బాధేదో నేను పడతాలే," అంది కాటుకమ్మ.

"అత్తా!"

"పుణ్యం నాయనా, పుణ్యం."

తొమ్మిది రోజులు గడ్డమయ్య నీళ్ళు తాగి, ఎండుగడ్డి రెండు పరకలు కొరికి గడిపాడు. అవిసాకు తిన్న కాటుకమ్మ పూటకో సోలెడు పాలు ఎక్కువిచ్చింది. జాతర నాటి పొద్దున్న కోటప్ప వచ్చి చూస్తే మేకపోతు డొక్కలు లోపలికి పోయాయి, గడ్డం ఒక్కటే మిగిలింది.

"ఛీ, ఇదేం రోగం దీనికి! ఇలాంటిది ఇస్తే అమ్మకి కోపం రాదూ?" అని తిట్టుకుంటూ, దానికి బదులు దూలానికి వేలాడుతున్న గుమ్మడికాయ దించుకుని పోయాడు.

డప్పులు దూరమయ్యాక ఎర్రన్న తన తొట్టి ముందుకి తోశాడు. "రా తమ్ముడూ, ఇక తిను."

గడ్డమయ్య నాలుగంటే నాలుగు బుక్కలు తిన్నాడు. ఆగాడు. డప్పులు పోయిన దారి వంక ఓసారి చూసి మూతి తుడుచుకున్నాడు.

"చాల్లే అన్నా. వచ్చే ఏడు కూడా జాతరుంటుంది కదా."

పక్కవాడికి చెప్పే ఉపవాసం తేలికే, దాని విలువ తెలిసేది మన తొట్టి ముందు మనం నోరు కట్టుకున్నప్పుడే.